ఆయిల్ పంపు కేబుల్ మరిచిపోవద్దు

(టెక్సస్‌లో డాలస్ దగ్గర కొందరు తెలుగు మిత్రులు వేసవి మొదలయ్యే ముందు ఒక శనివారం పొద్దున గ్యారేజీలో కూడినప్పుడు, జెట్ స్కీల (నీళ్ళ మీద నడిపే మోటారు బండ్ల) కార్బురేటర్ కేబుళ్ళు బిగించడం గురించి చేసిన ప్రసంగం. మధ్యలో వచ్చిన ప్రశ్నలను కూడా ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు కొంచెం ముందుకు రండి. పిల్లల్ని ముందు కూర్చోబెట్టండి. బండి సీటు తీసి పెట్టాను, లోపల ఏముందో అందరికీ కనబడాలి.

లూయిస్‌విల్ లేక్ మనకు దగ్గర్లోనే ఉంది కాబట్టి రెండు మూడేళ్ళుగా మనవాళ్ళు పాత జెట్ స్కీలు కొంటున్నారు. జెట్ స్కీ అన్నది అసలు కవాసాకి కంపెనీ పెట్టుకున్న పేరు. కానీ ఇప్పుడు యమహా వేవ్‌రన్నర్‌నీ, సీడూనీ కూడా మనం అలాగే పిలుస్తున్నాం. ఈ రోజు నేనూ అలాగే అంటాను. కొత్తది కొనాలంటే కారు కొన్నంత ఖర్చు. 1990ల నాటి రెండు స్ట్రోకుల బండయితే చాలా తక్కువకు దొరుకుతుంది. 2002 మోడళ్ళ నాటికి నాలుగు స్ట్రోకుల ఇంజన్లు వచ్చేశాయి. అంతకు ముందే, 1999లో, కాలిఫోర్నియా, నెవాడా సరిహద్దులో ఉన్న టాహో సరస్సులో కార్బురేటర్ (పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజన్‌కు పంపే భాగం) ఉన్న రెండు స్ట్రోకుల ఇంజన్లను నిషేధించారు. కాలని పెట్రోలు నీళ్ళలో కలుస్తోందన్నది కారణం. అలా ఆ బండ్లకు గిరాకీ తగ్గింది, మన చేతికి వస్తున్నాయి. మనం నడిపే సరస్సుల్లో వాటిని అనుమతిస్తారో లేదో ముందు కనుక్కోండి. అనుమతి ఉంటే, సరిగ్గా చూసుకుంటే ఇవి చాలా ఏళ్ళు నడుస్తాయి. అందుకే ఈ మాటలు చెప్పాలనుకున్నాను.

ఇలాంటి బండి కొన్నవాళ్ళు దాదాపు అందరూ మొదట చేయాల్సి వచ్చే పని కార్బురేటర్లు విప్పి కడగడం. ఏళ్ళ తరబడి షెడ్డులో నిలబడి ఉంటాయి కాబట్టి పాత పెట్రోలు లోపల జిగురులా పట్టేస్తుంది. కొన్ని బండ్లలో బూడిదరంగు పెట్రోలు గొట్టాలు లోపలి వైపు కరిగి, పచ్చటి జిడ్డుగా మారి, కార్బురేటర్ జాలీలో ఇరుక్కుంటాయి. అలాంటి గొట్టాలు కనిపిస్తే కడగడం ఒక్కటే చాలదు, గొట్టాలన్నీ మార్చండి. విప్పడం, కడగడం గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. తిరిగి బిగించేటప్పుడు కేబుళ్ళు తగిలించడం గురించి చెప్పేవాళ్ళు తక్కువ. ఇంజన్లు పాడయ్యేది అక్కడే.

నా చేతుల్లో ఒక ఇంజన్ అలా పోయింది. నాలుగేళ్ళ కిందట మా స్నేహితుడి బండి కార్బురేటర్లు ఈ గ్యారేజీలోనే కడిగాను. రెండు రోజులు కూర్చుని శ్రద్ధగా చేశాను. యాక్సిలరేటర్ కేబుల్ తగిలించాను, చోక్ తగిలించాను, స్టార్ట్ చేస్తే ఒక్క దెబ్బకు అందుకుంది. ఐడ్లింగ్, అంటే యాక్సిలరేటర్ నొక్కకుండా ఇంజన్ నెమ్మదిగా తిరగడం, చక్కగా నిలబడింది. లేక్‌కు తీసుకెళ్ళాం. మొదటి పది నిమిషాలు నెమ్మదిగా తిరిగాడు, ఏమీ తేడా లేదు. తర్వాత అవతలి ఒడ్డు వైపు ఫుల్లుగా నొక్కాడు. మధ్యలో ఇంజన్ శబ్దం ఒక్కసారి బరువెక్కి, ఠక్కున ఆగిపోయింది. పిస్టన్ సిలిండర్‌లో కదలకుండా పట్టేసింది. ఒడ్డుకు లాక్కొచ్చి సీటు ఎత్తి చూస్తే, ఆయిల్ పంపు కేబుల్ చివర కార్బురేటర్ పక్కన ఊరికే వేలాడుతోంది. నేను తగిలించలేదు.

ఈ సంగతి ఇవాళ మీకు పూర్తిగా అర్థం కావాలి. మన ఊళ్ళలో యమహా ఆర్ఎక్స్ 100 నడిపినవాళ్ళు ఇక్కడ చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. ఆ బండిలో పక్కన ఒక చిన్న ఆయిల్ ట్యాంకు ఉండేది, గుర్తుందా? బజాజ్ చేతక్‌లో అయితే బంకులో పెట్రోలు పోయించుకుంటూ టూ టీ ఆయిల్ కొలిచి పోయించేవాళ్ళం. ఆర్ఎక్స్‌లో ఆ కలిపే పనిని ఒక పంపు చేసేది. హ్యాండిల్ నుంచి వచ్చే యాక్సిలరేటర్ కేబుల్ ట్యాంకు కింద రెండుగా చీలి, ఒకటి కార్బురేటర్‌కు, ఇంకొకటి ఆ ఆయిల్ పంపుకు వెళ్ళేది. మీరు పిడి ఎంత తిప్పితే పెట్రోలు అంత, దానికి తగ్గ ఆయిల్ అంత. చాలా జెట్ స్కీల్లో జరిగేదీ అదే. వేలితో నొక్కే లీవర్ నుంచి ఒక కేబుల్ కార్బురేటర్‌కు వస్తుంది. కార్బురేటర్ లీవర్ దగ్గర నుంచి ఇంకో కేబుల్ ఆయిల్ పంపుకు వెళ్తుంది.

ఆ రెండో కేబుల్ తగిలించకపోతే పంపు ఆగిపోదు. ఇంజన్ తిరుగుతున్నంతసేపూ పంపు కూడా తిరుగుతూనే ఉంటుంది, కానీ ఐడ్లింగ్‌కు సరిపడే నిష్పత్తిలోనే ఆయిల్ ఇస్తుంది. అందుకే నెమ్మదిగా నడిపినంతసేపు ఏమీ తెలియదు. పొగ మామూలుగానే ఉంటుంది, శబ్దం మామూలుగానే ఉంటుంది. ఫుల్లుగా నొక్కినప్పుడు పెట్రోలు చాలా పెరిగినా ఆయిల్ దానికి తగ్గట్టు పెరగదు. రెండు స్ట్రోకుల ఇంజన్‌లో క్రాంక్‌కీ, పిస్టన్‌కీ వేరే ఆయిల్ దారి లేదు. ఆ కాస్త ఆయిలే వాటికి దిక్కు. అందుకే ఒడ్డు దగ్గర బాగున్న బండి సరస్సు మధ్యలో పట్టేస్తుంది. ఆ రోజు నా స్నేహితుడికి ఏమీ కాలేదు. గాలి ఎక్కువగా ఉన్న రోజయితే ఏమయ్యేదో అని నేను ఇప్పటికీ ఆలోచిస్తుంటాను.

ఇక పని మొదలుపెడదాం.

మొదట సీటు తీసి కొంతసేపు తెరిచి ఉంచండి. ఈ బండి అడుగు మూసిన పెట్టె లాంటిది, పెట్రోలు ఆవిరి కిందకు దిగి అక్కడే ఉంటుంది. తర్వాత బ్యాటరీ నెగెటివ్ తీగ తీసేయండి. కార్బురేటర్ విప్పక ముందే ఫోన్‌తో ఫొటోలు తీయండి. పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, ప్రతి కేబుల్ ఏ సందులో నుంచి వెళ్తోందో కనబడేలా ఇంకొకటి. కేబుల్ కొలతను కదలకుండా పట్టే లాక్ నట్టు ఎక్కడ ఉందో అక్కడ మరల మీద తెల్ల పెయింటుతో ఒక చుక్క పెట్టండి. విజయవాడ ఆటోనగర్‌లో మా మేనమామ షెడ్డులో నేను పని నేర్చుకున్న రోజుల్లో ఫోన్లు లేవు, ఆయన గోళ్ళ రంగు సీసా ఒకటి జేబులో పెట్టుకునేవాడు. విప్పే ప్రతి నట్టు మీదా ఒక చుక్క. కార్బురేటర్ తీసేశాక ఇంజన్ వైపు ఉన్న రంధ్రంలో శుభ్రమైన గుడ్డ కుక్కండి. ఒక చిన్న స్క్రూ అందులో పడిందంటే మొత్తం ఇంజన్ విప్పాల్సిందే.

కార్బురేటర్ బయట ఉండగానే కేబుళ్ళను చూడండి. ఇన్నర్ వైరు చివర ఒక చిన్న లోహపు గుండు ఉంటుంది, అదే లీవర్ రంధ్రంలో కూర్చునేది. ఆ గుండు దగ్గర ఒక్క పోగు తెగినా కేబుల్ మార్చేయాలి. సోల్డర్ పెట్టి అతికించవద్దు. తెగిన పోగు ఔటర్ (కేబుల్ పైతొడుగు) అంచుకు గుచ్చుకుంటే యాక్సిలరేటర్ తెరిచి ఉన్నచోటే ఇరుక్కుంటుంది. ఉప్పునీళ్ళలో నడిచిన బండయితే, సముద్రతీరంలోని గాల్వెస్టన్ వైపు నుంచి కొన్నదయితే, మరీ జాగ్రత్తగా చూడండి. ఔటర్ పైకి బాగానే ఉన్నా లోపల తుప్పు పట్టి ఉంటుంది. రెండు చేతులతో ఇన్నర్‌ను లాగి వదలండి. ఎక్కడా గరగరలాడకూడదు. పల్చటి కేబుల్ ఆయిల్ పై చివర నుంచి కొద్దిగా వేయవచ్చు. చిక్కటి గ్రీజు పెట్టకండి, ఇసుక అంటుకుని ముద్దవుతుంది.

కేబుల్ మార్చాల్సి వస్తే పాతది ఊరికే లాగి పారేయకండి. దాని చివర గట్టి దారం కట్టి, హ్యాండిల్ వైపు నుంచి మెల్లగా లాగండి. పాత కేబుల్ బయటకు వచ్చేసరికి దాని దారిలో దారం ఉంటుంది. ఆ దారానికి కొత్త కేబుల్ కట్టి వెనక్కి లాగితే కంపెనీ పెట్టిన దారిలోనే వస్తుంది. ఆ దారి మారితే ఏమవుతుందో కాసేపట్లో చెబుతాను.

ఇప్పుడు కార్బురేటర్ దాని చోట బిగించేశాం. కేబుళ్ళు తగిలించే వరుస ఇది: ముందు యాక్సిలరేటర్, తర్వాత చోక్, తర్వాత ఐడ్లింగ్ సరిచేయడం, అన్నిటికంటే చివర ఆయిల్ పంపు. ఈ వరుస మార్చకండి. ఎందుకంటే పంపు లీవర్ కార్బురేటర్ లీవర్‌ను బట్టి కదులుతుంది. పంపు ముందు సరిచేసి, తర్వాత ఐడ్లింగ్ స్క్రూ తిప్పితే పంపు కొలత కూడా తెలియకుండానే మారిపోతుంది. చాలామంది పంపును సరిగ్గానే పెడతారు, కానీ ముందు పెడతారు.

యాక్సిలరేటర్ కేబుల్ ఇలా తగిలించాలి. కార్బురేటర్ మీది లీవర్‌ను వేలితో పూర్తిగా తెరిచి పట్టుకోండి. స్ప్రింగ్ గట్టిగానే లాగుతుంది. గుండును రంధ్రంలో పెట్టి, వైరును పక్కనున్న గాడిలో నుంచి తిప్పి, లీవర్ వదలండి. తర్వాత ఔటర్‌ను బ్రాకెట్‌లో పెట్టి రెండు లాక్ నట్లూ బ్రాకెట్‌కు అటూ ఇటూ చేతితో బిగించండి. ఇంకా పానా వాడకండి. హ్యాండిల్ దగ్గర ఔటర్ చివర దాని గూట్లో పూర్తిగా కూర్చుందో లేదో వేలితో తడిమి చూడండి. ఇక్కడ చాలామంది పొరపడతారు. ఔటర్ అంచు గూటి పెదవి మీద నిలబడి ఉంటుంది, పైకి సరిగ్గానే కనిపిస్తుంది. ఆ స్థితిలో కొలత సరిచేసి బిగిస్తే, నీళ్ళలో నాలుగుసార్లు నొక్కేసరికి అది జారి గూట్లో కూర్చుంటుంది, కేబుల్ లూజవుతుంది. అందుకే ముందు పదిసార్లు గట్టిగా నొక్కి వదిలి, కూర్చోవాల్సింది కూర్చున్నాక అప్పుడు సరిచేయండి.

ఎంత లూజు ఉండాలన్నది మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది, దాన్నే పాటించండి. తెలుసుకోవాల్సింది ఏమిటంటే, వేలు పూర్తిగా వదిలేసినప్పుడు కార్బురేటర్ లీవర్ ఐడ్లింగ్ స్క్రూ మొన మీద వచ్చి ఆగాలి. కేబుల్ బిగువుగా ఉంటే లీవర్ ఆ స్క్రూను తాకదు, కేబులే దాన్ని పట్టుకుని ఉంటుంది. అప్పుడు ఐడ్లింగ్ ఎక్కువగా ఉందని మీరు స్క్రూ ఎంత తిప్పినా మార్పు ఉండదు. స్క్రూ తిప్పినా ఇంజన్ వినడం లేదంటే కేబుల్ మీద అనుమానపడండి.

అటు చివర కూడా చూడాలి. పక్కనున్నవాళ్ళను లీవర్ పూర్తిగా నొక్కమని, టార్చి వేసి కార్బురేటర్ నోట్లోకి చూడండి. గాలి దారిని తెరిచి మూసే బటర్‌ఫ్లై పలక అంచు మాత్రమే గీతలా కనబడాలి. అది కొంచెం వాలి ఉంటే పూర్తి వేగం రాదు. అలాగని పలక ఆఖరికి చేరాక కూడా కేబుల్‌ను ఇంకా లాగేలా బిగించకండి, గుండు దగ్గర పోగులు తెగడానికి అదే కారణం. రెండు కార్బురేటర్లున్న బండిలో రెండు పలకలూ ఒకే క్షణంలో కదలడం మొదలుపెట్టాలి. ఒకటి ముందు, ఒకటి తర్వాత కదిలితే ఐడ్లింగ్ ఊగుతుంది.

చోక్ కేబుల్ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. అది మామూలుగా గట్టి ఒంటి తీగ, ఒక స్క్రూ కింద బిగుస్తుంది. గుబ్బను లోపలికి పూర్తిగా తోసినప్పుడు చోక్ పలక పూర్తిగా తెరుచుకుందో లేదో కళ్ళతో చూడండి. కాస్త మూసుకుని ఉన్నా ఇంజన్ పెట్రోలు మింగుతూ గునుస్తుంది.

ఇప్పుడు ఆయిల్ పంపు. పంపు పెట్టె మీద ఒక గీత ఉంటుంది, దాని మీద తిరిగే లీవర్ మీద ఇంకో గీత ఉంటుంది. పాత బండ్లలో మట్టీ జిడ్డూ పట్టి కనబడవు, గుడ్డతో తుడిచి చూడండి. పంపు ఇంజన్‌కు ఒక మూల కింద ఉంటుంది కాబట్టి చిన్న అద్దం ఒకటి దగ్గర పెట్టుకోండి. ఇంజన్ ఆపి ఉండగానే, హ్యాండిల్ మీది లీవర్‌ను మెల్లగా నొక్కండి. లూజు అంతా పోయి, కొంచెం బరువు తగిలిన చోట ఆపి, అలాగే పట్టుకోండి. సీడూ లాంటి బండ్లలో ఆ క్షణంలో రెండు గీతలూ ఎదురెదురుగా ఉండాలి. లేకపోతే పంపు కేబుల్ మీది నట్టు తిప్పి కలపండి, లాక్ నట్టు బిగించాక మళ్ళీ చూడండి. బిగించేటప్పుడే అది తరచు కాస్త జరుగుతుంది. లీవర్ గీత వెనకబడితే ఆయిల్ తక్కువై పిస్టన్ పట్టేస్తుంది. ముందుకు పోతే పొగ ఎక్కువై ప్లగ్గులు తడుస్తాయి. వేరే కంపెనీ బండి అయితే గీతలు ఏ స్థితిలో కలవాలో ఆ కంపెనీ మాన్యువల్ చెప్పినట్టే చేయాలి.

ఆయిల్ గొట్టం విప్పి ఉంటే అందులో గాలి చేరుతుంది. పంపు మీద గాలి వదిలే స్క్రూ ఉంటుంది. బుడగలు పోయి ఆయిల్ మాత్రమే వచ్చేదాకా తెరిచి ఉంచి మూయండి. పంపు నుంచి ఇంజన్‌కు వెళ్ళే సన్నటి గొట్టాల్లో కూడా గాలి పోవాలి. అప్పటిదాకా పెట్రోల్లో కూడా ఆయిల్ కలిపి నడపండి. 20 లీటర్లకు 400 మిల్లీలీటర్లు, అంటే యాభైకి ఒకటి. గొట్టాలు పారదర్శకంగా ఉంటాయి, లోపల బుడగ కదలడం కనిపిస్తుంది.

(ఒకరు అడిగారు: అన్నా, ఇంత టెన్షన్ ఎందుకు? ఆ పంపు తీసేసి ఎప్పుడూ పెట్రోల్లోనే ఆయిల్ కలుపుకుంటే సరిపోదా? ఆర్ఎక్స్‌కి మేమలాగే చేసేవాళ్ళం.)

చేసేవాళ్ళున్నారు తమ్ముడూ, అది తప్పని నేను అనను. కానీ రెండు విషయాలు చూడు. ఒకటి, కలిపే రోజు ఒక్కసారి మరిచిపోతే పోయేది ఇంజనే. నువ్వు కలుపుతావు, నీ బండి తీసుకెళ్ళిన మీ బావమరిది బంకులో ఊరికే పెట్రోలు పోయిస్తాడు. రెండోది, సీడూ బండ్లలో వచ్చే, రోటరీ వాల్వ్ ఉన్న రోటాక్స్ ఇంజన్లలో ఆ వాల్వ్ షాఫ్ట్ గేర్లకు ఆయిల్ ట్యాంకు నుంచే వేరే గొట్టాల్లో ఆయిల్ వెళ్తుంది. పంపుతో పాటు ట్యాంకు కూడా పీకేస్తే ఆ గేర్లు ఎండిపోతాయి. అది తెలియక పాడుచేసుకున్నవాళ్ళు ఉన్నారు. నా సలహా అయితే పంపు ఉంచుకో, కేబుల్ సరిగ్గా పెట్టుకో.

బిగించడం అయిపోయాక, స్టార్ట్ చేయక ముందు ఫ్లేమ్ అరెస్టర్ తిరిగి పెట్టండి. గాలి పెట్టె లోపల ఉండే జాలీ అది. ఇంజన్ ఎదురు పేలితే మంట బయటకు రాకుండా ఆపుతుంది. అమెరికా కోస్ట్ గార్డ్ నిబంధనల ప్రకారం అది ఉండి తీరాలి. గ్యారేజీలోనే కదా, ఒక్కసారి స్టార్ట్ చేసి చూద్దాం అని దాన్ని పక్కన పెట్టి మీట నొక్కకండి.

నీళ్ళ పైపు తగిలించి ఇంజన్ నడిపేటప్పుడు, ముందు ఇంజన్ స్టార్ట్ చేసి తర్వాత నీళ్ళు తెరవండి. ఆపేటప్పుడు ముందు నీళ్ళు కట్టేసి తర్వాత ఇంజన్ ఆపండి.

(ముందు వరుసలోని ఒక అమ్మాయి: అంకుల్, నీళ్ళు ముందు తెరిస్తే ఏమవుతుంది?)

మంచి ప్రశ్న అమ్మా. ఇంజన్ తిరుగుతుంటే పొగను వేగంగా బయటకు తోస్తుంది కాబట్టి, ఇంజన్‌ను చల్లబరిచిన నీళ్ళు కూడా దానితో పాటే బయటకు పోతాయి. ఇంజన్ ఆగి ఉంటే తోసేది ఎవరూ ఉండరు. నీళ్ళు సైలెన్సర్‌లో నిండి, వెనక్కి పాకి సిలిండర్‌లోకి వస్తాయి. పాడైన బండిని తాడు కట్టి లాక్కొచ్చేటప్పుడు కూడా చాలా నెమ్మదిగా లాగాలనేది అందుకే.

ఐడ్లింగ్‌లో ఉండగా హ్యాండిల్‌ను ఎడమ చివరి వరకూ, తర్వాత కుడి చివరి వరకూ తిప్పండి. ఇంజన్ శబ్దం ఏమాత్రం మారకూడదు. ఒక వైపు తిప్పినప్పుడు శబ్దం పెరిగిందంటే కేబుల్ దారి తప్పింది. ఎక్కడో ఔటర్ గట్టిగా వంగి ఇన్నర్‌ను లాగుతోంది. ప్లాస్టిక్ టై బిగువుగా వేసినా ఇదే జరుగుతుంది. అందుకే దారం కట్టి పాత దారిలోనే లాగమన్నాను. ఈ పరీక్షను దయచేసి ఎవ్వరూ వదిలేయకండి. నీళ్ళలో మలుపు తిప్పుతుండగా తనంతట తాను వేగం పెరిగే బండి మీద మన పిల్లలు కూర్చుని ఉంటారు.

ఇంకో మాట. ఈ బండికి బ్రేకు లేదు, నీళ్ళలో చుక్కాని లేదు. వెనక నుంచి చిమ్మే నీటి ధార వల్లే తిరుగుతుంది. వేలు వదిలేస్తే ధార ఉండదు, హ్యాండిల్ ఎంత తిప్పినా బండి తిన్నగానే పోతుంది. ఎదురుగా ఏదైనా కనబడగానే భయపడి వేలు తీసేసేవాళ్ళే ఎక్కువ. కాబట్టి నొక్కగానే అందుకోవాలి, వదలగానే లీవర్ టక్కున వెనక్కి రావాలి. ఇంజన్ ఆపి ఉండగా నొక్కి వదిలి ఆ శబ్దం వినండి. నెమ్మదిగా వచ్చిందంటే స్ప్రింగ్ బలహీనపడింది, లేదా కేబుల్ ఎక్కడో పట్టుకుంటోంది. ఆ బండి నీళ్ళలోకి దిగకూడదు. దిగినప్పుడు లైఫ్ జాకెట్ వేసుకుని, కిల్ స్విచ్ (మీరు పడిపోతే ఇంజన్ ఆపే మీట) తాడు ఒంటికి తగిలించుకోండి. టెక్సస్‌లో 1993 సెప్టెంబర్ 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు బోటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా పూర్తి చేసి ఉండాలి. మన పిల్లలంతా ఆ లెక్కలోకే వస్తారు.

సరే, ఇప్పుడు ఇద్దరిద్దరుగా రండి. ఈ బండి పంపు కేబుల్‌ను నేను పొద్దున కావాలనే కొంచెం లూజు చేసి పెట్టాను. ఒకరు లీవర్‌ను లూజు పోయేదాకా నొక్కి పట్టుకోండి, ఇంకొకరు ఈ అద్దం, టార్చి పట్టుకుని కింద గీతలు చూడండి. ఎటు తప్పిందో, ఎటు తిప్పాలో మీరే చెప్పండి. అమ్మా, ప్రశ్న అడిగావు కదా, మొదట నువ్వు రా.